సోషలిజం తిట్టూ కాదు, మార్కెట్ మంత్రమూ కాదు

పోయిన వారం మా ఆఫీసు క్యాంటీన్లో ఒక చర్చ జరిగింది. చర్చ అంటే నలుగురు మాట్లాడటం, నేను పెరుగన్నం కలుపుకుంటూ తల ఊపడం. విషయం మామూలుదే. పేస్లిప్పులో టాక్సు కోత చూసుకున్న మా లీడ్ గారికి కడుపు మండింది. "మనం రాత్రింబవళ్ళు పనిచేసి కట్టిన టాక్సులు తీసుకెళ్ళి ఉచితాలకు పంచేస్తున్నారు. దీన్నే సోషలిజం అంటారు. అందుకే ఈ దేశం బాగుపడదు. అమెరికా చూడండి, అంతా ఫ్రీ మార్కెట్" అన్నారాయన. మిగతా ముగ్గురూ అవునంటే అవునన్నారు. నేనూ ఊ కొట్టాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్ళాను. మాది నల్లగొండ జిల్లా. అక్కడ మా చిన్నాయనది ఇంకో పాట. "అన్నీ సర్కారు చేతుల ఉండాలె బిడ్డా, గప్పుడే పేదోడు బతుకుతడు. మార్కెట్ అంటేనే దోపిడి" అన్నాడు, అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ. అక్కడ కూడా ఊ కొట్టాను. పెద్దవాడు కదా!

తిరుగు బస్సులో నా మీద నాకే చిరాకేసింది. ఒకే వారంలో రెండు పూర్తి వ్యతిరేకమైన మాటలకు ఊ కొట్టిన వాణ్ణి నన్నేమనాలి? పైగా క్యాంటీన్లో నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండింది, చెప్పలేదు. ఆ మాట చివర్లో చెప్తాను. ముందు ఈ ఇద్దరు పెద్దమనుషులతో నా తగువు తేల్చుకోవాలి.

మొదట నాలుగు ప్రాథమిక విషయాలు. భయపడకండి, గ్రాఫులు వెయ్యను. స్ప్రింట్ ప్లానింగులో ఒక్కసారి కూర్చున్న వాడికి కూడా ఎకనామిక్స్ సగం వచ్చేసినట్టే. ఎనిమిది మంది డెవలపర్లు, రెండు వారాలు, బ్యాక్‌లాగులో నలభై స్టోరీలు. అన్నీ చెయ్యలేం. దీన్నే కొరత అంటారు. కొరత అంటే కరువు కాదు. కోరికలకన్నా వనరులు తక్కువగా ఉండటం, అంతే. పేమెంట్ పేజీ తీసుకుంటే రిపోర్టుల పేజీ ఆగిపోతుంది. ఆ ఆగిపోయినదే మీరు చేసిన పనికి అసలు ఖరీదు. పుస్తకాల్లో దాన్ని అవకాశ వ్యయం అంటారు. కాబట్టి ఉచితం అనేది లోకంలో లేదు, ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకునే ఉంటారు. ఇక్కడి వరకు మా లీడ్ గారితో నాకు పేచీ లేదు.

మూడోది ధర. ధర అంటే మనం కట్టే డబ్బు మాత్రమే కాదు, అదొక కబురు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది గుర్తుందా? ఆ అంకె మనకు "చింతపండుతో సరిపెట్టుకో" అని చెప్పింది. అదే అంకె రైతుకు "టమాటా వెయ్యి" అని చెప్పింది. ఎవరూ మీటింగు పెట్టలేదు, ఎవరూ సర్క్యులర్ పంపలేదు. సెప్టెంబరుకల్లా పంట వెల్లువలా వచ్చి ధర కూలింది, రైతు నష్టపోయాడు. ఇక్కడే నాలుగోది కూడా ఉంది. ధర కబురు చెప్తుంది గానీ న్యాయం చెప్పదు. ఎవరికి ఆకలిగా ఉందో దానికి తెలీదు, ఎవరి జేబులో ఎంత ఉందో మాత్రమే తెలుసు. ఈ రెండు ముక్కలూ కలిపి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ఇప్పుడు వ్యవస్థల సంగతి. ఏ సమాజమైనా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఏం తయారు చెయ్యాలి? ఎలా చెయ్యాలి? ఎవరికి ఎంత? జవాబు ఎక్కడి నుంచి వస్తుందో దాన్ని బట్టే వ్యవస్థకు పేరు.

అన్నిటికన్నా పాతది ఆచారం. మన ఊళ్ళే ఉదాహరణ. కుమ్మరి కొడుకు కుమ్మరి, చాకలి కొడుకు చాకలి. పంట వచ్చినప్పుడు కళ్ళం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేవారు. ధర లేదు, బేరం లేదు, నిరుద్యోగం కూడా లేదు. కొంతమందికి ఇది వింటే "ఆహా, ఆ రోజులే వేరు" అనిపిస్తుంది. చెప్పు కుట్టేవాణ్ణి "నీకీ పని ఇష్టమేనా" అని ఎవరూ అడగలేదన్న సంగతి వాళ్ళకు గుర్తుండదు. దానిపైన మా వైపు దొరల కింద వెట్టి కూడా ఉండేది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో సాయుధ పోరాటం ఊరికే జరగలేదు. మా చిన్నాయన రాజకీయానికి వేరు అక్కడే ఉంది, అందుకని ఆయన కోపాన్ని నేను వెటకారం చెయ్యను.

రెండోది ఆజ్ఞ. అంతా ఒక ఆఫీసు నిర్ణయిస్తుంది. సోవియట్ యూనియన్‌లో 1921లో పెట్టిన గోస్‌ప్లాన్ ఆ ఆఫీసు. ఎంత ఉక్కు, ఎన్ని బూట్లు, ఎన్ని ట్రాక్టర్లు, అన్నీ అక్కడి లెక్క. ఇది 1991లో ఎందుకు మూతపడిందంటే క్యాంటీన్ జవాబు "ఊరికే ఇస్తే ఎవడు పనిచేస్తాడు?" అని. అది సగం జవాబే. అసలు సంగతి 1920లోనే మీజెస్ అనే ఆస్ట్రియన్ చెప్పాడు. యంత్రాలకూ ముడిసరుకులకూ మార్కెట్ లేకపోతే వాటికి ధర ఉండదు. ధర లేకపోతే ఏది దండగో ఏది దాచుకోవాల్సిందో లెక్క కట్టలేరు. 1945లో హయెక్ దీన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాడు. సమాచారం ఎక్కడో ఒక డేటాబేసులో ఉండదు, కోట్లమంది బుర్రల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ధర దాన్ని కలుపుతుంది అన్నాడు. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ మీద పనిచేసే మనకన్నా ఈ వాదన ఇంకెవరికి బాగా అర్థమవుతుంది చెప్పండి?

ఇంకో జబ్బు కూడా ఉంది. మేకుల ఫ్యాక్టరీకి బరువు లెక్కన టార్గెట్ పెడితే ఒకే ఒక్క పెద్ద మేకు తయారు చేసి చూపించారట. సోవియట్ రోజుల జోకు ఇది. నవ్వకండి. మూసిన టికెట్ల లెక్కన అప్రైజల్ ఇస్తే మనం ఏం చేస్తున్నాం? ఒక్క బగ్గుకి మూడు టికెట్లు తెరిచి మూడూ మూసేస్తాం.

ఆ పోలిక సరదాకి చెప్పింది కాదు. ఆలోచించండి, మన కంపెనీ లోపల ఉన్నది ఏ వ్యవస్థ? నేను పక్క టీముకు కోడ్ రివ్యూ చేస్తే వాళ్ళు నాకు బిల్లు కట్టరు. ఎవరు ఏ ప్రాజెక్టుకు వెళ్ళాలో రిసోర్స్ మేనేజ్‌మెంట్ వాళ్ళు చెప్తారు. బెంచి మీద కూర్చోబెట్టేది వాళ్ళే. ఎవరికి ఎంత రేటింగో బెల్ కర్వ్ నిర్ణయిస్తుంది. ల్యాప్‌టాప్‌కి ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ కావాలంటే మూడు అప్రూవళ్ళు. దీనికి మార్కెట్ అని పేరు పెడతారా? ఇది నిఖార్సైన ప్రణాళికా వ్యవస్థ! రోజంతా గోస్‌ప్లాన్ కింద పనిచేసి, లంచ్ టైములో ఫ్రీ మార్కెట్ గురించి ఉపన్యాసాలు ఇచ్చేది మనమే.

మార్కెట్ అంత గొప్పదైతే ఈ కంపెనీలు ఎందుకున్నాయి, ప్రతి పనీ ప్రతి రోజూ బయట బేరమాడి కొనుక్కోవచ్చు కదా అని రోనాల్డ్ కోస్ 1937లోనే అడిగాడు. బేరానికీ ఖర్చుంది అన్నది ఆయన జవాబు. వెతకాలి, ఒప్పందం రాసుకోవాలి, మోసం జరగకుండా చూసుకోవాలి. ఆ ఖర్చు ఎక్కువైన చోట ఆజ్ఞ చవక, ఆజ్ఞ ఖర్చు పెరిగిన చోట బేరం చవక. అంటే మార్కెట్, ప్రణాళిక రెండూ పనిముట్లు, మతాలు కావు. ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. కంపెనీ ప్లాన్ తప్పితే కంపెనీ మునుగుతుంది, మనం రిజైన్ చేసి ఇంకో చోటికి పోతాం. దేశం మొత్తానికి ఒకే ప్లాన్ అయితే రిజైన్ చేసి ఎక్కడికి పోతాం?

ఇక అమెరికా. "అంతా ఫ్రీ మార్కెట్" అట! మన జనం ప్రతి మార్చిలో లాటరీ కోసం గుళ్ళల్లో ప్రదక్షిణలు చేసేది ఏ దేశం వీసాకండీ? ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసిన వాళ్ళకు ఇంకో 20,000. తర్వాత గ్రీన్ కార్డుకు ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న గీత. 2025 సెప్టెంబరులో అయితే కొత్త హెచ్‌వన్‌బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది. శ్రమ అమ్ముకోవడానికి పర్మిట్టు, పర్మిట్టుకు కోటా, కోటాకు లాటరీ. మన లైసెన్స్ రాజ్‌లో స్కూటర్ బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దానికీ దీనికీ తేడా ఏమిటో ఎవరైనా చెప్తే వింటాను.

డబ్బు దగ్గరికి వచ్చినా అంతే. 2008లో బ్యాంకులు మునిగితే వాటిని నిలబెట్టడానికి అమెరికా కాంగ్రెస్ 700 బిలియన్ డాలర్ల దాకా అనుమతించింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు బీమా పరిమితి రెండున్నర లక్షల డాలర్లే, అయినా డిపాజిటర్లందరికీ పూర్తి డబ్బు ఇప్పించారు. ఆ డిపాజిటర్లలో ప్రభుత్వం తప్పుకుంటే చాలు అని నిన్నటిదాకా చెప్పిన స్టార్టప్‌ల వాళ్ళు ఎంతమందో! మనం రోజూ తినే అన్నం, అదే ఇంటర్నెట్, 1969లో ఆర్పానెట్‌గా అమెరికా రక్షణ శాఖ డబ్బుతో మొదలైందే. సింగపూర్ సంగతి చెప్తారు కొందరు. అక్కడ దాదాపు ఎనభై శాతం జనం ఉండేది ప్రభుత్వ సంస్థ కట్టించిన ఇళ్ళలో!

దూరం ఎందుకు, హైదరాబాదు చూద్దాం. ఈ రోజు మందుల తయారీలో ఈ ఊరికి ఇంత పేరుందంటే, 1961లో పుట్టిన ఐడీపీఎల్ అనే సర్కారీ కంపెనీ ఇక్కడ పెట్టిన ప్లాంటు దానికి ఒక పెద్ద కారణం. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు అంతకు ముందు పనిచేసింది అక్కడే. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. ఇక మన సాఫ్ట్‌వేర్‌కు 1991లో ఎస్‌టీపీఐ వచ్చింది. శాటిలైట్ లింకులు ఇచ్చారు. ఆ పథకం కింద ఎగుమతి లాభాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి దాకా నడిచింది. తర్వాత సెజ్‌లు. తప్పు చేశారు అనడం లేదు, మంచి పనే చేశారు. కానీ పేర్లు చూడండి. మన పరిశ్రమకు ఇస్తే ప్రోత్సాహకం, రైతుకు ఇస్తే ఉచితం! మనకు మినహాయింపు, వాళ్ళకు సబ్సిడీ! ఖజానా లెక్కలో రెండూ ఒకటే. రావలసిన రూపాయి రాకపోయినా, వచ్చిన రూపాయి పోయినా లోటు రూపాయే.

"టాక్సు కట్టేది మనమే" అన్న మాట ఒకటి మిగిలింది. ఆదాయపు పన్ను అయితే సరే. కానీ మా అమ్మ కొనే సబ్బు మీద, మా నాయిన బండిలో పోసే పెట్రోలు మీద పన్ను ఎవరు కడుతున్నారు? పేస్లిప్పులో కనబడని టాక్సు టాక్సు కాకుండా పోదు.

ఇక్కడి వరకు చదివి మా చిన్నాయన అభిమానులు సంబరపడుతుంటే, ఆగండి. ఇప్పుడు ఆయన వంతు.

చిన్నాయనకు నాలుగెకరాల పత్తి. మద్దతు ధర ఉండాలి అంటాడు, నేనూ ఉండాలనే అంటాను. 2024-25లో పొడుగు పింజకు క్వింటాలు 7,521 రూపాయలు. బయట ధర అంతకన్నా కింద ఉంటే సీసీఐ సెంటర్ ముందు ట్రాక్టరు వరసలో నిలబెడతాడు. బయట ధర పైన ఉంటే మాత్రం? ఆ రోజు సర్కారూ గుర్తుకు రాదు, సిద్ధాంతమూ గుర్తుకు రాదు, సరాసరి ప్రైవేటు వ్యాపారి దగ్గరికే. ఇది తప్పా? కానే కాదు. బుద్ధున్న ఎవడైనా అదే చేస్తాడు. నేననేది ఒకటే, మార్కెట్ దోపిడీ అన్న మాట ధర బాగున్న ఏడు కూడా అనగలిగితేనే అది సిద్ధాంతం.

చైనా సంగతి ఇంకా బాగుంటుంది. 1978లో షియావోగాంగ్ అనే ఊళ్ళో 18 కుటుంబాలు రహస్యంగా ఒక కాగితం రాసుకున్నాయి. ఉమ్మడి పొలాన్ని కుటుంబాల వారీగా పంచుకుందాం, సర్కారు కోటా ఇచ్చేశాక మిగిలింది ఎవరిది వాళ్ళకే అని. బయటపడితే జైలే. మరుసటి ఏడు పంట విరగ పండింది. అదే మట్టి, అదే మనుషులు. తర్వాత దేశమంతా ఆ దారి పట్టింది. వియత్నాం కూడా 1986లో తన దారి మార్చుకుంది. ఎర్రజెండా ఎగరేసిన దేశాలే ధరకు దండం పెట్టాక ఇంక మనకు పట్టుదల ఎందుకు?

ధరను సున్నా చేస్తే ఏమవుతుందో మా ఊరే చూపిస్తుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు వచ్చిందంటే మోటారు దానంతటదే నడుస్తుంది, మడి నిండినా నడుస్తుంది. యూనిట్‌కు ఒక్క పైసా పడినా లేచి వెళ్ళి ఆపేవాడు. సున్నా అనే ధర చెప్పిన కబురు "నీళ్ళకు కొదవ లేదు" అని. అది అబద్ధం. ఆ అబద్ధం నమ్మి ఒకడు రెండొందల అడుగులు వేస్తే పక్కవాడు మూడొందలు, ఇంకొకడు నాలుగొందలు. మా బోరు ఎండిపోయిన ఏడు ఇంకోటి వేయించడానికి అమ్మ పుస్తెలతాడు బ్యాంకుకు పోయింది. రైతుకు సాయం చెయ్యొద్దని కాదు. ఆ డబ్బే ఎకరానికి ఇంత అని చేతికిచ్చి, కరెంటుకు మీటరు పెట్టుంటే సాయం సాయమే, నీళ్ళు నీళ్ళే. ఈ మాట మీటింగులో అనే ధైర్యం మా చిన్నాయన పార్టీకీ లేదు, ఏ పార్టీకీ లేదు.

అన్నట్టు, సర్కారు కానిదీ మార్కెట్ కానిదీ ఒకటుందని ఇద్దరూ మర్చిపోతారు. మా చెరువు కింద ఒకప్పుడు నీరడి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఏ పొలానికి ఎంత, అంతా ఆయన చేతిలో. జీతం రైతులే గింజల్లో ఇచ్చేవారు. నీళ్ళు అమ్మలేదు, కలెక్టరు ఆర్డరూ లేదు. ఇలాంటి ఉమ్మడి ఆస్తుల మీద జీవితమంతా పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నియమాలు వాడుకునేవాళ్ళే పెట్టుకుంటే, కాపలా వాళ్ళే కాస్తే ఉమ్మడిది పాడవ్వాల్సిన పని లేదని ఆవిడ చూపించింది. నమ్మకం కుదరకపోతే మీ సర్వర్ మీద ఏం నడుస్తుందో చూసుకోండి. 1991లో మొదలైన లినక్స్ కూడా ఒక ఊరుమ్మడి చెరువే.

కాబట్టి నా వాదన ఇది. పెట్టుబడిదారీయా, సమాజవాదమా అన్నది పనికిరాని ప్రశ్న. అచ్చంగా ఒకటే ఉన్న దేశం నాకైతే కనబడలేదు. అడగాల్సినవి చిన్న ప్రశ్నలు. ఈ వస్తువుకు ధర పెడితే కబురు నిజం చెప్తుందా, అబద్ధం చెప్తుందా? కొనలేని వాడు ఏమవుతాడు? ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? లాభం ఒక్కడితో ఆగుతుందా, పక్కవాడికీ పాకుతుందా? టమాటాకు మార్కెట్ చాలు. టీకాకు చాలదు. చెరువుకు రెండూ అక్కర్లేదు, ఊరు చాలు. రేపు మనలో ఎవరికైనా లేఆఫ్ మెయిల్ వస్తే? డెన్మార్కులో ఉద్యోగం తీసెయ్యడం కంపెనీకి తేలికే, కానీ తీసేసిన వాడికి రెండేళ్ళ వరకు నిరుద్యోగ భృతి, కొత్త పని నేర్పే ఏర్పాటు ఉంటుంది. అది మార్కెట్టా, సోషలిజమా? పేరు ఏదైతేనేం, ఈఎంఐ కట్టాల్సిన రోజున ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు నేను మింగేసిన ఆ మాట. నా ఇంజనీరింగ్ ఫీజు ఫీజు రీయింబర్స్‌మెంటు. ఏడాదికి 35,000 చొప్పున నాలుగేళ్ళు సర్కారు కట్టింది. మూడెకరాల పత్తి మీద మా నాయిన అది కట్టలేడు. ఆ పథకం లోపాలు కూడా నాకు తెలుసు. దాన్ని నమ్ముకుని ల్యాబులు లేని కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. మాది అలాంటిదే. బకాయిలు రాలేదని నా సర్టిఫికెట్లు మూడు నెలలు బీరువాలో పెట్టుకున్నారు. డబ్బు సర్కారుది, కాలేజీ ప్రైవేటుది, మధ్యలో నలిగింది నేను. అయినా ఆ పథకం లేకపోతే ఈ టపా లేదు, ఈ ఉద్యోగం లేదు, నేను కట్టే ఆదాయపు పన్నూ లేదు.

సోమవారం లంచ్‌లో మా లీడ్ గారికి ఇదంతా చెప్పాను. ఆయన కాస్త ఇబ్బందిపడి "అబ్బే, నీది వేరు తమ్ముడూ. నువ్వు చదువుకుని పైకొచ్చావ్, దండగ కాలేదు" అన్నారు.

"సర్కారుకు ముందే తెలీదు కదండీ, నేను చదువుతానో లేదో. మీరు చదివింది సర్కారు కాలేజీలోనే కదా, మీ గురించీ తెలీదు" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి నా ప్లేటులోకి ఒక అప్పడం వేశారు. చిన్నాయనకు ఆటో స్టార్టర్ల సంగతి ఇంకా చెప్పలేదు. అది సంక్రాంతికి.